నూనెపల్లెలో నీళ్ళ నూనె

ఇప్పటికీ షెడ్డు వైపు వెళ్ళినప్పుడల్లా కొత్త మెకానిక్కులు నన్ను పట్టుకుని ఒకటే అడుగుతారు. టర్బో ఉన్న స్పీడు కారుకు ఏ ఇంజనాయిలు పోయాలి? ఫోనులో ఒకాయన ఒకటి చెప్తాడట, ఇంకొకాయన అది తప్పంటాడట. "నువ్వు ముప్పై ఏండ్లు చేసినావు గదా, ఒక్క ముక్కలో తేల్చు" అంటారు. తేల్చవచ్చు. కానీ ఆ ఒక్క ముక్క నేర్చుకునే క్రమంలో నేను బంగారం లాంటి ఇంజను ఒకటి పాడుచేశాను, నాకంటే మంచి పనివాడొకడి పేరు కూడా పాడుచేయబోయాను. ఆ సంగతి దాచిపెట్టి ఆయిలు పేరొక్కటి చెప్పి పంపిస్తే మీకు సగమే చెప్పినట్టు. కాబట్టి టీ తెప్పించుకుని కూర్చోండి. ఇందులో నా గొప్ప ఏమీ లేదు, ముందే చెప్తున్నాను.

మా షెడ్డు నంద్యాలలో, నూనెపల్లెలో. నూనెపల్లెలో ఉంటూ నూనె పోసే పని చేస్తారా అని బయటూరి డ్రైవర్లు ఎగతాళి చేసేవాళ్ళు. యజమానిని అందరం భాయ్ అనేవాళ్ళం. ఆయన చెయ్యి బాగున్నన్నాళ్ళు తనే స్పానర్ పట్టాడు. చెయ్యి వణకడం మొదలయ్యాక పనంతా నాకు వదిలేసి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. సామాను బీరువా తాళంచెవుల గుత్తి నా నడుముకు ఉండేది. నేను నడుస్తుంటే అది గలగలమనేది. ఆ చప్పుడు వింటే నాకు కడుపు నిండినట్టు ఉండేది. మా ఇంట్లో ఆమె మాత్రం "ఎద్దుకు గంట కట్టినట్టు" అనేది.

నా పేరంతా నా వేళ్ళ మీద వచ్చింది. మా నాయనకు ఆళ్ళగడ్డలో గానుగ ఉండేది. వేరుశనగలను మావైపు బుడ్డలంటాం. బుడ్డల నూనె, కుసుమ నూనె ఆడించేవాడు. నూనె దిగగానే రెండు వేళ్ళ మధ్య ఒక చుక్క వేసుకుని రుద్ది, వేళ్ళు మెల్లగా విడదీసి చూసేవాడు. తీగలాగా సాగితే మంచిది. సాగకుండా జారిపోతే ఎవడో ఏదో కలిపాడని అర్థం. "పల్చనిది నూనె కాదురా, మోసం" అనేవాడు. ఆ మాట నా తలలో నాటుకుపోయింది. గానుగ పోయాక నేను ట్రాక్టర్ల పనిలో చేరాను. అక్కడ కూడా డిప్‌స్టిక్ తీసి రెండు వేళ్ళ మధ్య నూనె రుద్ది, ఇది ఎన్నాళ్ళయింది, ఇందులో డీజిల్ కలిసిందా, నీళ్ళు దిగాయా అని చెప్పేవాణ్ణి. నూటికి తొంభై సార్లు సరిపోయేది. మిగతా పది సార్లు ఎవరూ గుర్తుపెట్టుకోలేదు, నేనూ గుర్తుచేయలేదు.

ట్రాక్టర్లు, జీపులు, లారీలు నడిచినన్నాళ్ళు నన్ను దాటి ఎవరూ పోలేదు. ఆ తర్వాత రుద్రవరం ఆయన వచ్చాడు.

ఆయన సొంతూరు రుద్రవరం. పదేళ్ళు బెంగళూరులో పెద్ద కార్ల వర్క్‌షాపులో చేసి, అక్కడి చలి పడక వెనక్కి వచ్చాడు. వయసు నలభై దాటింది. గట్టిగా మాట్లాడడు, టీ తాగేటప్పుడు కూడా కింద మరక పడనీయడు. ఆయనలో నాకు మొదట నవ్వు తెప్పించిన అలవాటు ఒకటుంది. బండి రాగానే బానెట్ ఎత్తడు. ముందు సీటు దగ్గర అర తెరిచి, కంపెనీవాళ్ళు ఇచ్చిన పుస్తకం తీసి, వేలు పెట్టి ఒక్కో గీత చదువుతాడు. ముప్పై ఏళ్ళలో ఆ పుస్తకం ఒక్కటి కూడా నేను తెరవలేదు. రసీదులు పెట్టుకోవడానికి ఇచ్చారేమో అనుకునేవాణ్ణి. మొదటి వారంలోనే ఆయనకు పుస్తకమప్ప అని పేరు పెట్టాను. షెడ్డంతా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు.

ఇంకో అలవాటు, అట్టచీటీ. నూనె మార్చిన ప్రతి బండికీ చిన్న అట్టముక్క మీద ఏ ఆయిలు పోశాడో, ఎన్ని లీటర్లో, బండి ఎన్ని కిలోమీటర్ల దగ్గర పోశాడో రాసి, కింద తన పేరు మొదటి అక్షరం వేసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి బానెట్ లోపల తీగతో కట్టేవాడు. రాత ముత్యాల్లా ఉండేది. "మనిషి చేతికి తాయెత్తు కట్టినట్టు బండికి ఇదేందప్పా?" అన్నాను ఒకసారి.

"పోసినోని గుర్తుండాల గదన్నా" అన్నాడు. "రేపు ఏమన్నా అయితే ఎవర్ని అడగాల?"

ఆ మాటను నేను అప్పుడు పట్టించుకోలేదు.

ఇక ఆళ్ళగడ్డ ఆసామి సంగతి. ఆయనకు కోయిలకుంట్ల వైపు శనగ పండే నల్లరేగడి చాలా ఉంది. ఇరవై ఏళ్ళుగా ఆయన ట్రాక్టర్లు, జీపు నా చేతి మీదుగానే నడిచాయి. షెడ్డు గేటు దగ్గర జీపు ఆపి "యాడప్పా మా మేస్త్రి?" అని కేకేసేవాడు. ఆ 'మా' కోసం నేను చేతిలో పని వదిలేసి పోయేవాణ్ణి. ఆ మనిషి యాభై ఐదేళ్ళ వయసులో స్పీడు పిచ్చి పట్టి కొత్త కారు కొన్నాడు. చిన్నసైజు కారే గానీ టర్బో పెట్రోలు ఇంజను, కాలు ఆనిస్తే వీపు సీటుకు అతుక్కుపోతుంది. ఎర్రరంగు. ఆళ్ళగడ్డ నుంచి నంద్యాలకు హైవే మీద అది వస్తుంటే రోడ్డు పక్కన శిల్పాలు చెక్కేవాళ్ళు ఉలి ఆపి చూశారని ఆయనే చెప్పుకున్నాడు.

కారు మొదటిసారి మా షెడ్డుకు వచ్చిన రోజు నేను చేతులు తుడుచుకుని ఎదురెళ్ళాను. ఆయన అద్దం దించి, నా భుజం మీదుగా లోపలికి చూస్తూ అడిగాడు.

"ఏం మేస్త్రీ, బాగుండావా? పుస్తకమప్ప అంట, బెంగళూరు మనిషి ఉండాడంట గదా. యాడ ఆయప్ప?"

నేను ఎగతాళికి పెట్టిన పేరు ఆళ్ళగడ్డ దాకా పోయి, షాపు బోర్డులాగా గొప్పగా తిరిగొచ్చింది. నాకు తల కొట్టేసినట్టయింది. "పిలుస్తా" అన్నాను. పిలిచాను కూడా. ఆయన వచ్చి యథాప్రకారం అర తెరిచి పుస్తకం తీశాడు. ఆసామి పక్కన నిలబడి, బడిపిల్లాడిలా వింటున్నాడు. నేను దూరంగా ట్రాక్టరు కింద దూరి, అక్కర్లేని నట్టు ఒకటి బిగిస్తూ విన్నాను.

"దీనికి ఫైవ్ డబ్ల్యూ థర్టీ రాసినారు సార్. ఫుల్లీ సింథటిక్. ఇంకేం పోయగూడదు."

"అంత పల్చనిదా? మన ఎండలకు ట్వెంటీ ఫిఫ్టీ వద్దా? మేస్త్రి జీపుకు అదే పోస్తాడు."

"జీపుకు అదే కరెక్టు సార్. దీనికి కాదు. మొదటి అంకె బండి స్టార్ట్ అయ్యేటప్పుడు నూనె ఎంత బేగా పారుతుందో చెప్తాది. రెండోది ఇంజను వేడెక్కినాక ఎంత చిక్కగా నిలుస్తుందో చెప్తాది. టర్బోలో సన్నని ఇరుసు ఉండాది. నిమిషానికి లక్ష చుట్లకు పైనే తిరుగుతాది. దాన్ని పట్టుకునేది ఇనుము కాదు సార్, నూనె పొరే. స్టార్ట్ కొట్టిన వెంటనే ఆడికి నూనె చేరాల. చిక్కనిది చేరేలోపల ఇరుసు ఒట్టిదే తిరుగుతాది."

"ఓహో."

"ఇంకోటి. దూరం తోలి వచ్చినాక టకీమని ఆఫ్ చేయొద్దు. ఒక నిమిషం ఊరికే తిరగనీ. టర్బో ఎర్రగా కాలింటాది. ఆఫ్ చేస్తే నూనె ఆడనే నిలిచి మాడిపోతాది."

ఆసామి తలూపాడు. ఇరవై ఏళ్ళలో నేను చెప్పిన దేనికీ ఆ మనిషి అంత వినయంగా తలూపలేదు. ట్రాక్టరు కింద నాకు కడుపు మండింది. ఆయన చెప్పింది తప్పని అనిపించి కాదు. నిజం అయ్యుంటుందేమోనని అనిపించి.

అప్పటి నుంచి నా కుళ్ళు రోజుకొక రంగు. ఆయన తెల్లకాగితం మీద నూనె చుక్క వేసి మరక ఎట్లా పాకుతుందో చూస్తే నాకు చిరాకు. ఆయన డబ్బా మూత తీసేముందు చేతులు కడుక్కుంటే చిరాకు. భాయ్ ఆయనకు టీ ముందు ఇప్పిస్తే ఆ రోజంతా నాకు అన్నం సహించేది కాదు. ఒకరోజు భాయ్ నన్ను కుర్చీ దగ్గరికి పిలిచి, "కొత్త కార్లు ఎక్కువైతాండాయి. బీరువా తాళాలు ఆయప్పకు ఇస్తే నీకూ నడుం నొప్పి తగ్గుతాది గదా?" అన్నాడు. ఆయన మంచికే అన్నాడు. నేను నడుము మీద చెయ్యి వేసుకుని గుత్తి గట్టిగా పట్టుకున్నాను. "నాకేం నొప్పి లేదు భాయ్" అన్నాను. అబద్ధం. నొప్పి ఉంది.

శనగ కోతలు అయిపోయిన రోజుల్లో రుద్రవరం ఆయన బావమరిది పెళ్ళికని పగిడ్యాలకు మూడు రోజులు పోయాడు. పోయేముందు నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, ఆళ్ళగడ్డ కారు ఆయిలుకు వస్తాది. డబ్బా, ఫిల్టరు, చీటీ అన్నీ ఒక్క సంచిలో పెట్టినా. కిలోమీటర్లు ఒక్కటే రాయాల. నువ్వు పోస్తే నాకు బెంగ లేదు."

చీటీ అంతా ముందే రాసిపెట్టాడు. కింద తన అక్షరం కూడా వేసేశాడు, అలవాటు కొద్దీ. డబ్బాకు ఇంకో కాగితం కట్టి 'ఇదే పోయాల' అని రాశాడు. నాలుగు పదాలు రాయడానికి అవకాశం దొరికితే వదిలేవాడు కాదు.

మరుసటి రోజు మధ్యాహ్నం ఆసామి డ్రైవరు కారు వదిలేసి బజారుకు పోయాడు. భాయ్ కర్నూలు పోయాడు. మిగతావాళ్ళు భోజనాలకు వెళ్ళారు. పాత నూనె దించి, ఫిల్టరు మార్చి, కొత్త డబ్బా మూత తీశాను. వేళ్ళ మధ్య ఒక చుక్క వేసుకున్నాను. రుద్దాను. విడదీశాను. సాగలేదు. నీళ్ళలా జారి మణికట్టు దాకా పోయింది.

ఇది మీకు అర్థమయ్యేలా చెప్పాలి. ఆ క్షణంలో నేను దొంగపని చేస్తున్నానని అనుకోలేదు. పల్చనిది మోసమని నా చర్మానికి తెలుసు. మా నాయన చెయ్యి పట్టుకుని నేర్పిన విద్య అది. ఇంతటి ఇంజనులో ఈ నీళ్ళు పోస్తే మన వేసవికి ఏం మిగులుతుంది అనుకున్నాను. అంతవరకు అది పొరపాటు. అయితే ఆయనకు ఫోన్ చేసి అడగొచ్చు. చేయలేదు. ఎందుకంటే అడిగితే ఆయన చెప్తాడు, చెప్తే నేను వినాలి. నా చెయ్యి డ్రమ్ము వైపు పోయింది. జీపులకు పోసే ట్వెంటీ ఫిఫ్టీ, చిక్కగా, తేనెరంగులో, తీగ సాగే నూనె. అది కొలిచి పోశాను. పోస్తుంటే ఎంత తృప్తిగా ఉందో ఇప్పటికీ గుర్తుంది. ఈ కారు బాగా నడిస్తే అది నా నూనె వల్ల అని నాకొక్కడికి తెలుస్తుంది కదా అనుకున్నాను.

తర్వాత చీటీ. కొత్తది రాయాలంటే ట్వెంటీ ఫిఫ్టీ అని రాయాలి, కింద నా అక్షరం వేయాలి. ఆయన రాసిందే తీసి, కిలోమీటర్లు వేసి, తీగతో కట్టాను. నేను ఒక్క అక్షరం అబద్ధం రాయలేదని చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. కట్టాను, అంతే. ఆయన తెచ్చిన డబ్బాను మూత బిగించి బీరువాలో కింది అరలో, పాత బెల్టుల వెనక పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా దగ్గరే కదా.

పెళ్ళి నుంచి వచ్చి ఆయన అడిగిన మొదటి మాట అదే.

"పోసినావా అన్నా, నేను పెట్టిందే?"

"ఆ, పోసినా."

"సల్లగుండు" అన్నాడు, పెళ్ళి లడ్డూ చేతిలో పెడుతూ. లడ్డూ తిన్నాను. బాగానే ఉంది.

రెండు నెలల పైన గడిచాయి. ఎండలు ముదిరాయి. ఆసామి అహోబిలం పోయొచ్చాడు, కడప పోయొచ్చాడు, కారు గాలిలో పోతోందని ఫోన్లో రుద్రవరం ఆయనతో గొప్పగా చెప్పాడు. వింటూ నేను లోలోపల మీసం దువ్వుకున్నాను. నా నూనె అనుకున్నాను. చూశారా, ఎంత దూరం పోయిందో నా పిచ్చి.

ఒకరోజు ఉదయం పదిన్నరకు ఆ ఎర్ర కారు ఇంకో బండి మీద ఎక్కి వచ్చింది. ఆసామి వెనక జీపులో దిగాడు. ఆయన ముఖం కూడా ఎర్రగానే ఉంది. మధ్యదారిలో ముందు సన్నగా ఈల వేసిందట, తర్వాత వెనక తెల్లగా పొగ, ఆ తర్వాత కాలు ఎంత ఆనించినా ఎద్దుబండిలా నడిచిందట.

రుద్రవరం ఆయన పని మొదలుపెట్టాడు. టర్బో గొట్టం విప్పి ఇరుసు పట్టుకుని కదిపాడు. వదులైన పన్నులా ఊగింది. టర్బోకు నూనె పోయే సన్నని పైపు విప్పి వెలుగులో చూశాడు. అందులోంచి వెలుగు రాలేదు. పెనం అడుగున మాడిన నూనెలా నల్లగా గడ్డకట్టి ఉంది. కింద బోల్టు విప్పి ఇంజను నూనె పళ్ళెంలోకి దించాడు. తెల్లకాగితం తీయలేదు. మొదటిసారి నా పద్ధతిలో రెండు వేళ్ళ మధ్య చుక్క వేసుకుని విడదీశాడు. తీగ సాగింది.

"ఏందప్పా అది?" ఆసామి అడిగాడు.

"ఇది నేను తెచ్చిన నూనె మాదిరి లేదు సార్."

"లేదా?" ఆసామి బానెట్ లోపల చీటీని తీగతో సహా పీకి ఆయన ముందు పెట్టాడు. "ఇది ఎవని రాత? ఈ గుర్తు ఎవనిది?"

"నాదే సార్."

"మరి? పుస్తకం చదివి చదివి నా బండిని బూడిద చేసినావు గదప్పా! మేస్త్రి ఉండంగా నీ కాడికి వచ్చినా చూడు, నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాల."

ఈ చివరి మాట కోసం నేను ఎన్ని నెలలు ఎదురుచూశానో దేవుడికి తెలుసు. వచ్చింది. చేతిలో గుడ్డతో, తుడిచిన స్పానర్‌నే మళ్ళీ తుడిచాను.

రుద్రవరం ఆయన తన వేళ్ళ మీది నూనె చూసుకుంటూ, "డబ్బాలోనే కల్తీ వచ్చింటాది" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. ఆ ముఖంలో అనుమానం రవ్వంత లేదు. "అన్నా, నువ్వు పోసేముందు వేళ్ళతో చూసింటావు గదా. నీ చేతికి తెలీకుండా పోదు. ఎట్లుండె అది?"

నా చేతి మీద నమ్మకంతో అడిగాడు. నేను ఎగతాళి చేసిన మనిషి, నా విద్యను సాక్ష్యానికి పిలిచాడు. ఏదైనా చెప్పి ఉండొచ్చు. గుర్తులేదనొచ్చు, కల్తీలాగే ఉందనొచ్చు. కానీ ఆ డబ్బా తలచుకోగానే నాలో పాత కుళ్ళు లేచింది. నా నోరు దాని పని అది చేసుకుపోయింది.

"ఎట్లుంటాది? నీళ్ళ మాదిరి ఉండె" అన్నాను, వెటకారంగా.

ఆయన నన్ను చూశాడు. తన వేళ్ళ మధ్య ఇంకా సాగుతున్న తీగను చూశాడు. మళ్ళీ నన్ను చూశాడు. డబ్బాలో నీళ్ళలా ఉన్నది, ఇంజనులో జిగురులా ఎట్లా అవుతుంది? భాయ్‌కి తట్టలేదు, ఆసామికి తట్టలేదు. ఆయనకు మాత్రం అర్థమైంది. నాకూ అర్థమైంది, నా నోటితో నేనే దొరికిపోయానని. ఆయన ఏదో అనబోయి, చీటీ మీద తన అక్షరం చూసుకుని ఆగిపోయాడు.

భాయ్ కుర్చీలోంచి లేచాడు. ఆయన లేవడం అరుదు.

"బెంగళూరు పనులు ఈడ చెల్లవప్పా. రేపట్నుంచి నువ్వు కార్ల పక్కకు రావద్దు. ట్రాక్టర్లు కడుగు. పెద్ద మేస్త్రే అన్నీ చూసుకుంటాడు."

కావాలనుకున్నదంతా ఒక్క నిమిషంలో నా చేతికి వచ్చేసింది. ఆసామి, భాయ్ టీ తెప్పించుకుని కూర్చున్నారు. నాకు కూడా ఒక గ్లాసు పెట్టారు. రుద్రవరం ఆయన చేతులు కడుక్కుని నా దగ్గరికి వచ్చాడు. నన్ను నిలదీస్తాడనుకున్నాను. తల దించుకునే అడిగాడు.

"బీరువా తాళాలు ఇయ్యన్నా. నా చీటీల కట్ట లోపలుంది. తీసుకుంటా. ట్రాక్టర్లకు చీటీలెందుకు గానీ, ఇంట్లో పిల్లోళ్ళు రాసుకుంటారు."

తాళాలు ఇస్తే ఆయనకు డబ్బా కనిపిస్తుంది. "నేనే తెస్తా ఉండు" అని లోపలికి పోయాను. బీరువా తెరిచాను. పై అరలో ఆయన అట్టచీటీలు, రబ్బరుబ్యాండు వేసి, కోసిన అంచులు సమానంగా. కింద బెల్టుల వెనక డబ్బా. మెడకు కట్టిన కాగితం అలాగే ఉంది. 'ఇదే పోయాల'. నేను కట్టను చేతిలోకి తీసుకున్నాను. తలుపు మూసేస్తే అయిపోయేది. అక్కడ ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. తలుపు మూయబోతే నా నడుము దగ్గర గుత్తి గలగలమంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

రెండో చేత్తో డబ్బా పట్టుకుని బయటికి వచ్చాను. దాన్ని టీ గ్లాసుల మధ్య పెట్టాను.

"భాయ్, ఆయప్ప తెచ్చిన నూనె ఇదీ. చూడండి, నిండుగానే ఉండాది. బండిలో పోసింది నేను. డ్రమ్ములోది పోసినా. చీటీ రాసింది ఆయప్ప, కట్టింది నేను."

ఆసామి డబ్బా మూత తీసి, ఆశ్చర్యం, తనూ ఒక చుక్క వేలి మీద వేసుకుని చూశాడు.

"ఎందుకు మేస్త్రీ?"

"పల్చగా ఉంటే..." అని మొదలుపెట్టాను. సగంలో ఆగిపోయాను. అది సగం నిజం, సగం నిజంతో అప్పటికే చాలా దూరం వచ్చేశాను. "ఓర్వలేక" అన్నాను.

ఆ మాట అనేశాక ఏదో తేలికవుతుందని చెప్తారు. నాకేమీ కాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఇరవై ఏండ్లు నా బండ్లన్నీ నీ చేతిలో పెట్టినా" అన్నాడు ఆసామి. కేకలు వేయలేదు. వేసినా బాగుండేది. "ఒక్క బండి ఇంకొకని చేతిలో పెడితే ఇట్ల చేస్తివా? ఇంకమీద చీటీ మీద ఎవని గుర్తుందో చూసుకునే నా బండి ఎక్కుతా."

భాయ్ వణికే చెయ్యి చాపాడు. నడుము నుంచి గుత్తి విప్పి ఆ చేతిలో పెట్టాను. ఆయన దాన్ని అట్లాగే రుద్రవరం ఆయన వైపు చాపాడు. టర్బో కొత్తది వేయాల్సి వచ్చింది. ఆ నష్టం నా నెత్తిన వేసుకున్నాను, అది నా ఇంటివాళ్ళకు తెలుసు.

ఇంత జరిగాక నాకు బుద్ధి వచ్చి ఉంటుందని మీరు అనుకుంటారు. రాలేదు. నూనెపల్లె అంతా ఆయన పేరే. తెలిసి కూడా నోరెత్తలేదంట, పెద్దవాడి పరువు కాపాడాలని తప్పు తన మీద వేసుకున్నాడంట, ఏం మనిషప్పా అని టీ కొట్టులో చెప్పుకుంటుంటే, ఆ మంచితనానికి కూడా నేను కుళ్ళుకున్నాను. పనిలోనే కాదు, గుణంలో కూడా నన్ను దాటేశాడే అని. వారం రోజులు చూసి, ఆపుకోలేక అడిగేశాను.

"నీకు ఆ పొద్దే తెలిసె గదా. ఎందుకు చెప్పలేదప్పా?"

ఆయన స్పానర్లు తుడుస్తున్నాడు. తల ఎత్తలేదు.

"చెప్తే ఎవరు నమ్ముతారన్నా? రాత నాది. గుర్తు నాది. నువ్వేమో ముప్పై ఏండ్ల మేస్త్రి. నిన్ను కాపాడాలని కాదులే. ఆ పొద్దంతా నీ మీద నాకు ఎంత కోపముండె తెల్సునా? ఇప్పటికీ ఉండాది."

ఆ మాట విని నాకు ఏడుపొచ్చింది. మంచితనం కాదు, దిక్కులేక ఊరుకున్నాడు. నా పేరు అంత బరువుగా ఆయన మీద కూర్చుంది. ఆ తర్వాత మళ్ళీ మాట్లాడుకోవడానికి మాకు చాలా రోజులు పట్టింది. మొదలుపెట్టింది నేనే, చదవడానికి ఒక పుస్తకం అడిగి. ఏదో ఒక కారుది. వేలు పెట్టి ఒక్కో గీత చదివాను. అందులో నూనెకు ఒక పేజీ పూర్తిగా ఇచ్చారు. ముప్పై ఏళ్ళుగా అది అక్కడే ఉంది.

సరే, మీరు అడిగినదానికి జవాబు. టర్బో బండికి పుస్తకంలో ఏ అంకె రాశారో ఆ అంకె, కంపెనీ ఏ ఆమోదం అడిగిందో అది డబ్బా మీద ఉన్నదే, ఫుల్లీ సింథటిక్. మన దుమ్ముకు, మన ఎండకు, మీ ఆసాములు తొక్కే తొక్కుడికి, పుస్తకంలో చెప్పిన గడువు కంటే కాస్త ముందే మార్చండి. దూరం తోలి వచ్చాక నిమిషం ఆగి ఆఫ్ చేయమని చెప్పండి. వేళ్ళతో చూడండి, తప్పులేదు, వేళ్ళు కొన్ని చెప్తాయి. ఏ బండికి ఏది సరిపోతుందో మాత్రం చెప్పవు. ఇందులో చాలావరకు ఆయన కారు పక్కన నిలబడి ఆసామికి చెప్పిందే. ట్రాక్టరు కింద పడుకుని నేనూ విన్నాను.

పోయినేడాది మోకాళ్ళు మొరాయించి పని మానేశాను. షెడ్డులో నా చివరి రోజు ఎర్ర కారు వచ్చింది. నాకోసం రాలేదు, ఆయిలు గడువుకు వచ్చింది. రుద్రవరం ఆయన పాత నూనె దించి, ఫిల్టరు బిగించి, కొత్త డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆసామి చూస్తున్నాడు. వద్దనలేదు, ఊ అనలేదు.

మూత తీసి రెండు వేళ్ళ మధ్య ఒక చుక్క వేసుకున్నాను. జారిపోయింది.

"ఎట్లుందన్నా?" అన్నాడు ఆయన.

"నీళ్ళ మాదిరి ఉండాది."

"అయితే పొయ్యి."

పోశాను. చుక్క కింద పడకుండా పోశాను. డిప్‌స్టిక్ రెండుసార్లు చూశాను. ఆయన జేబులోంచి అట్టచీటీ తీశాడు. ఆయిలు, లీటర్లు, కిలోమీటర్లు అన్నీ రాసి ఉన్నాయి. కింద గుర్తు దగ్గర మాత్రం ఖాళీ. పెన్ను మూత తీసి నా వైపు పెట్టాడు.

డబ్బా మీద పెట్టుకుని నా పేరు మొదటి అక్షరం రాశాను. ఆసామి వంగి చీటీ చదివాడు, నా అక్షరం దగ్గర కాస్త ఆగాడు, తర్వాత తలుపు తీసుకుని కారెక్కాడు.

కవరులో పెట్టి తీగ బిగిస్తూ చీటీని ఇంకోసారి చూసుకున్నాను. పైన ఆయన రాత ముత్యాల్లా ఉంది. కింద నాది గొంగళిపురుగులా వంకర తిరిగింది. నిజం చెప్తున్నాను, అప్పుడు కూడా కుళ్ళుకున్నాను.